హాడ్జెస్ సంతకం మీద నా పెన్ను

బంగారూ,

మొదటి బోనస్ డబ్బంతా పెట్టి 1969 నాటి మెట్స్, అదే మన న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు, వస్తువులు కొంటావటగా, మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. విన్నప్పటి నుంచి ఒక పక్క గర్వం, ఇంకో పక్క టెన్షన్. రాత్రి నిద్ర పట్టలేదు, తెల్లారగానే ఇది రాస్తున్నాను.

బోనస్ మొత్తం ఒకేసారి పెడతారా ఎవరైనా? ముందు ఒక్కటి కొను. రసీదు లేకుండా కొనకు. టికెట్ ముక్కల్ని లామినేట్ చేయకు, టేపు అంటించకు. బేస్‌మెంట్‌లో మాత్రం పెట్టకమ్మా, మీ ఇంట్లోకి ఒకసారి నీళ్ళొచ్చాయి కదా, వాన పడితే నాకిప్పటికీ అదే గుర్తొస్తుంది. అక్టోబర్ 16న షే స్టేడియంలో పీకిన గడ్డి అని ఎవరైనా అమ్మజూపితే వద్దను. ఆరోజు మెట్స్ మొదటిసారి ఛాంపియన్లు కాగానే జనం మైదానంలోకి దూకి గడ్డి పెళ్ళగించుకుపోయింది నిజమే, కానీ ఎండిన గడ్డి ఎక్కడిదో ఎవరు చెప్పగలరు?

సంతకాల బంతి అయితే సంతకం కంటే ముందు ముద్ర చూడు. మెట్స్ ఆడే నేషనల్ లీగ్ బంతి మీద అప్పట్లో ఆనాటి లీగ్ అధ్యక్షుడి పేరుండేది, 1969 వరకు వారెన్ గైల్స్, 1970 నుంచి చబ్ ఫీనీ. 1969లోనే సంతకాలు పెట్టించామంటూ ఫీనీ పేరున్న బంతి చూపిస్తే నమ్మకు. లీగ్ బంతులు 1976 దాకా స్పాల్డింగ్ వాళ్ళవి, ఆ తర్వాత రాలింగ్స్ వాళ్ళవి. ఆ జట్టు మేనేజర్ గిల్ హాడ్జెస్ 1972 ఏప్రిల్‌లోనే గుండెపోటుతో పోయాడు. రాలింగ్స్ వాళ్ళ లీగ్ బంతి మీద ఆయన సంతకం కనపడితే అది ఆయన పెట్టింది కాదు, అంతే.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను, మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు. 1969 ఎండాకాలంలో న్యూయార్క్ క్వీన్స్‌లో ఒక ఆసుపత్రిలో రెసిడెంట్ డాక్టర్‌గా చేరాను. ఫ్లషింగ్‌లో మన గణేశ్ గుడి అప్పటికి లేదు, అది 1977లో వచ్చింది. తెలుగు మాట అంటే ఇంటి నుంచి వచ్చే ఉత్తరమే. వార్డులో అందరూ మెట్స్ గురించే మాట్లాడేవారు, 1962లో పుట్టిన ఏడాదే 120 ఆటలు ఓడిన జట్టు ఇప్పుడు గెలుస్తోందని. నాకు ఆట నేర్పింది ఆ రోగులే. టామ్ సీవర్ బంతి వేసే రోజు బీపీ చూడ్డానికి వెళ్తే చెయ్యి నాకిచ్చి చెవి రేడియోకి ఇచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒక పెద్దాయన, స్టేడియంలో జనానికి సీట్లు చూపించే పని చేసేవాడు, 1971లో ఫ్లోరిడా వెళ్ళిపోతూ నా చేతిలో ఒక బంతి పెట్టాడు. గెలిచిన ఏడాది జట్టు సంతకాలు, కుట్లు దగ్గరగా వచ్చే ఇరుకు చోట హాడ్జెస్ పేరు. ఆ చోటు మేనేజర్‌కి వదులుతారు.

దాన్ని పదిహేనేళ్ళు కిటికీలో పెట్టాను, ఎండకి సిరా పాలిపోయింది. 1986 అక్టోబర్ 27, మెట్స్ రెండోసారి ఛాంపియన్లైన రాత్రి, ఆట మొదలవక ముందే ఇంటినిండా మనవాళ్ళు. అందరికీ చూపిద్దామని తీస్తే పేరు ఆనడం లేదు. బాల్‌పెన్ను తీసుకుని హాడ్జెస్ సంతకం మీద దిద్దాను, పలక మీద అక్షరాలు దిద్దినట్టు. మీ అమ్మమ్మ వద్దంటూనే ఉంది, ఆవిడ మీద విసుక్కున్నాను. చాలా ఏళ్ళ తర్వాత పాత వస్తువులు పరిశీలించే ఒకాయనకు చూపిస్తే భూతద్దం పక్కన పెట్టి, ఇప్పుడిది మీ సంతకం అన్నాడు.

ధర పోయినందుకు కాదు తల్లీ. ఆ మనిషి నలభై ఎనిమిదో పుట్టినరోజుకి రెండు రోజుల ముందు పోయాడు, ఇంకెవరికీ సంతకం పెట్టలేడు. ఆ చెయ్యి కదిలిన తీరుని నా పెన్ను కింద పూడ్చేశాను.

అందుకే, పాలిపోయినా పాలిపోయినట్టే ఉంచు. ఎవరో పెన్సిల్‌తో స్కోరు రాసుకున్న ప్రోగ్రామ్ దొరికితే శుభ్రం చేయకు.

శనివారం రా. బంతి నీకిచ్చేస్తాను, ఎండ తగలని పెట్టె తెచ్చుకో. చివరి ఎస్ తోక దగ్గర నా పెన్ను చేరని చోటు కొంచెం ఉంది, బాగా వంచి చూస్తే గోధుమ రంగులో ఆయన గీత కనపడుతుంది. అది ఎక్కడుందో నీకు చూపించాలి.

నీ తాతయ్య