లండన్‌లో 6 రోజులు, 15 మంది విద్యార్థులు: రోజుకో నాటకం పెట్టుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: డిగ్రీలో ఇంగ్లీషు లిటరేచర్ చదివే 15 మందిని జూన్‌లో 6 రోజులు లండన్ తీసుకెళ్తున్నారు, రోజుకో నాటకం చూపించొచ్చా, టికెట్లు ఎక్కడివి తీసుకోవాలి, పిల్లలకు ఆ ఇంగ్లీషు అర్థమవుతుందా అని. నేను తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. 2024 జూన్‌లో నేనూ, మా డిపార్ట్‌మెంట్ మేడమ్ గారూ కలిసి 14 మందిని ఇలాగే తీసుకెళ్లాం. 6 రోజులకు 4 నాటకాలు చాలండీ. దిగిన రోజు రాత్రి మాత్రం ఏదీ పెట్టుకోకండి, ఎంత చవగ్గా వచ్చినా సరే.

మేం పెట్టుకున్నాం. మధ్యాహ్నం హీత్రూలో దిగాం, హాస్టల్‌లో సామాన్లు పడేశాం, మొహాలు కడుక్కుని రాత్రి 7:30కి వెస్ట్ ఎండ్ అనే థియేటర్ల పేటలో ఒక పెద్ద మ్యూజికల్‌కి, అంటే పాటల నాటకానికి వెళ్లాం. టికెట్ ఒక్కొక్కటి 70 పౌండ్లు. జూన్‌లో లండన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. అంటే అక్కడ 7:30కి తెర లేచేసరికి మన ఒంటికి సరిగ్గా అర్ధరాత్రి 12. పైగా ముందురోజు రాత్రంతా బస్సులో, ఎయిర్‌పోర్టులో జాగారం. మొదటి పాట అవగానే నా పక్కనున్న అబ్బాయి తల నా భుజం మీద పడింది. ఇంటర్వెల్‌కి లైట్లు వేస్తే చూశాను, రెండు వరసలూ సుబ్బరంగా నిద్రపోతున్నాయి. 16 మందికి 1,120 పౌండ్లు, అప్పటి రేటున లక్షా 17 వేల రూపాయలు పెట్టి కొనుక్కున్న నిద్ర అది. తిరిగొచ్చేటప్పుడు విమానంలో ఒకమ్మాయి అడిగింది, "సార్, సెకండాఫ్‌లో ఏమైంది?" అని. నాకు మాత్రం ఏం తెలుసు.

అందుకని మొదటి రెండు రోజులూ మ్యాట్నీలు చూసుకోండి. అక్కడ సాధారణంగా బుధవారమో గురువారమో ఒకటి, శనివారం ఒకటి మధ్యాహ్నం ఆట ఉంటుంది. రెండున్నర అంటే మనకు రాత్రి 7, పిల్లలు హుషారుగా ఉంటారు. మీ విమానం ఏ రోజు దిగుతుందో చూసుకుని దాన్ని బట్టి ఆటలు ఎంచుకోండి. మేం ఆటలు ఎంచుకున్నాక విమానం చూసుకున్నాం. తప్పంతా అక్కడే జరిగింది.

ఇక టికెట్ల సంగతి. దీన్లో మనవాళ్లందరూ పడే గొయ్యి ఒకటుంది. మన సినిమా హాళ్లలో నేల, బెంచీ, కుర్చీ, అన్నిటికంటే పైన బాల్కనీ. పైకి వెళ్లేకొద్దీ రేటు, మర్యాద రెండూ పెరుగుతాయి. లండన్ పాత థియేటర్లలో లెక్క తిరగబడుతుంది. కింద ఉండేవి స్టాల్స్, వాటిలో మంచివి బాగా ఖరీదు. దానిపైన డ్రెస్ సర్కిల్, ఆ పైన అప్పర్ సర్కిల్, కొన్ని థియేటర్లలో అన్నిటికంటే పైన బాల్కనీ. ఆ బాల్కనీ అన్నిటికంటే చవక. మా కాలేజీలో పెద్దాయనొకరు "ఆడపిల్లలున్నారు కదా, బాల్కనీ తీసుకోండి" అన్నారు. ఏజెంటు సంతోషంగా తీసేశాడు, బాల్కనీ రేటుకు కాదు లెండి. దిగిన రోజు చూసిన ఆ మ్యూజికల్‌కే ఆ మెట్లు ఎక్కుతూ పోతే అయిపోవు, లిఫ్టు లేదు. మోకాళ్లు ముందు సీటుకు ఆనుకుంటాయి, కిందికి చూస్తే కళ్లు తిరిగేంత ఏటవాలు. నలుగురికి స్తంభం అడ్డం. టికెట్ మీద "రిస్ట్రిక్టెడ్ వ్యూ" అని చిన్న అక్షరాల్లో ఉంది. మనం చదవలేదు, అతను చెప్పలేదు.

కాబట్టి ఏజెంటు చేత విమానం టికెట్లు తీయించుకోండి కానీ నాటకం టికెట్లు నేరుగా థియేటర్ గ్రూప్ బుకింగ్ వాళ్లకు మెయిల్ రాసి తీసుకోండి. 10 మందికి మించితే చాలాచోట్ల తగ్గింపు ఉంటుంది, విద్యార్థులైతే వారం మధ్య రోజుల్లో ఇంకాస్త. కొందరు సీట్లు ముందు పట్టిపెట్టి, డబ్బు తర్వాత కట్టమంటారు. ఆ సౌకర్యం ఎందుకు ముఖ్యమో వీసా దగ్గర చెప్తాను.

ఇప్పుడు అసలు చూడాల్సింది. మిగతా మూడూ మీ ఇష్టం, కానీ థేమ్స్ ఒడ్డున షేక్‌స్పియర్స్ గ్లోబ్ థియేటర్ వదలకండి. అక్కడా కుర్చీ కొనకండి, స్టేజీ ముందుండే యార్డ్‌లో నిలబడే టికెట్ కొనండి. అచ్చంగా మన నేల టికెట్టే, కాకపోతే కూర్చోనివ్వరు. మేం వెళ్లినప్పుడు 5 నుంచి 10 పౌండ్లు. ఆ రాత్రి నిద్రకు పెట్టిన డబ్బుతో ఇక్కడ ఒక్కొక్కరు ఏడు నాటకాలు చూడొచ్చు.

ఈ గ్లోబ్ షేక్‌స్పియర్ నాటి పాతది కాదు. శామ్ వానమేకర్ అనే అమెరికన్ నటుడు ఏళ్ల తరబడి పట్టుబట్టి కట్టించిన నమూనా. ఆయన 1993లో పోయాడు, థియేటర్ 1997లో తెరిచారు. 1666లో లండన్ తగలబడిన తర్వాత ఆ ఊళ్లో గడ్డి కప్పుకు అనుమతి దొరికిన మొదటి కట్టడం ఇదేనట. కప్పు చుట్టూ గ్యాలరీల మీదే ఉంటుంది, మధ్యలో యార్డ్ మీద ఆకాశం. వానొస్తే తడవాలి, గొడుగు వేయనివ్వరు. పిల్లలందరికీ తలా ఒక ప్లాస్టిక్ రెయిన్‌కోటు ఇక్కడే కొనుక్కెళ్లండి. మాకు పావుగంట జల్లు పడింది. స్టేజీ మీదాయన ఆకాశంకేసి చూసి, మాకేసి చూసి, ఒక్క క్షణం ఆగి మళ్లీ డైలాగ్ అందుకున్నాడు. యార్డంతా ఘొల్లున నవ్వింది.

మేం చూసింది షేక్‌స్పియర్ కామెడీ "మచ్ అడో అబౌట్ నథింగ్". జూన్‌లో అక్కడ పొద్దుగూకేది 9 దాటాకే, కాబట్టి సగం నాటకం పగటి వెలుతురులోనే. ప్రేక్షకుల మీద చీకటి ఉండదు. నటులకు మనం కనిపిస్తుంటాం, వాళ్లు మన కళ్లలోకి చూసి మాట్లాడతారు, మనల్ని తోసుకుంటూ మధ్యలోంచి స్టేజీ ఎక్కుతారు. కొల్లూరు వైపు నుంచి వచ్చే ఒకబ్బాయి నా చెవిలో "సార్, ఇది మా ఊరి వీధి భాగవతమే" అన్నాడు. తెనాలి పిల్లలకు నాటకం కొత్తేం కాదు. తాతలు పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన ఊరు. కానీ వీళ్లకు షేక్‌స్పియర్ అంటే పది మార్కుల ఎస్సే, అంతకుముందు దాకా.

గేట్లు తెరవకముందే వెళ్లి క్యూలో నిలబడితే స్టేజీకి ఆనుకుని చోటు దొరుకుతుంది. మోచేతులు స్టేజీ మీద ఆనించి చూడొచ్చు, కాళ్ల మీద బరువు తగ్గుతుంది. ఆలస్యమైతే వెనక గోడకు ఆనుకోండి. మధ్యలో మాత్రం నిలబడకండి. మా పిల్లల్లో ఒకమ్మాయి పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, ఇంటర్వెల్‌కి ముందు కళ్లు తిరిగి కూలబడింది. అక్కడ స్టీవార్డులని వాలంటీర్లుంటారు, రెప్పపాటులో వచ్చి బయటికి తీసుకెళ్లి నీళ్లిచ్చి కూర్చోబెట్టారు. వాళ్లకిది అలవాటే అనుకుంటా. అదే స్టీవార్డులు, కాళ్లు నొప్పులని నేల మీద చతికిలబడ్డ ఇంకొకణ్ణి నిర్దాక్షిణ్యంగా లేపేశారు. కడుపునిండా తిని, కొత్తవి కాని బూట్లు వేసుకుని రావాలని గట్టిగా చెప్పండి.

అర్థమవుతుందా అన్నారు. ముందు చదివిస్తే అవుతుంది. గ్లోబ్‌కి వెళ్లే ముందు మూడు వారాల పాటు సాయంత్రం గంటసేపు క్లాసులో పాత్రలు పంచుకుని పైకి చదివాం. బియాట్రిస్, బెనెడిక్‌ల మాటల పోరు వాళ్లకు బావామరదళ్ల వేళాకోళంలా పట్టుబడింది. డాగ్‌బెరీ అని ఒక కాపలాదారుంటాడు, పెద్ద పెద్ద మాటలన్నీ తప్పుగా వాడుతుంటాడు. ఆ సీను పిల్లలే తెలుగులోకి మార్చుకున్నారు. సర్పంచి ముందు "నేరస్తులను సన్మానించి తెచ్చామండి" అనే తలారిగా చేశారు. లండన్‌లో ఆ పాత్ర స్టేజీ మీదికి రాగానే, ఇంకా నోరు తెరవకముందే మావాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల తెల్లవాళ్లు వీళ్లకేసి ఆశ్చర్యంగా చూశారు. మొత్తం ట్రిప్‌లో నాకు నచ్చిన క్షణం అదే.

అలా తయారు చేయకుండా తీసుకెళ్లిన మూడో నాటకం, అంటే నేషనల్ థియేటర్‌లోది, సగం మందికి తలమీంచి పోయింది. ఆధునిక నాటకం, వేగంగా మాట్లాడుకోవడం, ఒక్కో పాత్రది ఒక్కో యాస. దానికి మందు నాకు ఆలస్యంగా తెలిసింది. అక్కడ చాలా థియేటర్లు చెవుడు ఉన్నవాళ్ల కోసం కొన్ని రోజులు క్యాప్షన్లతో ఆటలు వేస్తాయి, డైలాగులన్నీ స్టేజీ దగ్గర తెర మీద వస్తుంటాయి. నేషనల్ అయితే 2018లో అద్దాల మీదే మాటలు కనిపించే కళ్లజోళ్లు కూడా తెచ్చింది. వినికిడి సమస్య ఉన్నవాళ్ల కళ్లజోళ్లు మనం లాక్కోకూడదు కానీ, క్యాప్షన్ ఆట ఉన్న రోజు చూసుకుని టికెట్లు తీసుకోవడంలో తప్పేం లేదు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని సిరీస్‌లు చూసే పిల్లలు కదా, సులువుగా పట్టుకుంటారు.

ఆ భవనం మాత్రం పిల్లలకు తెగ నచ్చింది. 1976లో తెరిచిన కాంక్రీటు కట్టడం, లోపల మూడు థియేటర్లు. పెద్దదైన ఒలివియర్‌ని గ్రీసులోని ఎపిడారస్ రంగస్థలం చూసి ఆ స్ఫూర్తితో విసనకర్రలా కట్టారు. టికెట్ లేకపోయినా ఫోయర్‌లో, అంటే ముందు హాల్లో గంటలు గంటలు కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. మేం రోజూ కాళ్లు చాపుకుంది అక్కడే. ఆ నాటకంలోనే, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్న సీన్‌లో మావాడొకడు జంతికల కవరు విప్పాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. ముందు వరసలో ముసలావిడ వెనక్కి తిరిగి ఒక్క మాటా అనకుండా చూసింది, అంతే. తినుబండారాలన్నీ హాస్టల్‌లో వదిలి రమ్మనండి. ఇంటర్వెల్‌లో ఐస్‌క్రీమ్ చిన్న డబ్బాల్లో అమ్ముతారు, సీట్లో కూర్చునే తినొచ్చు, మూత లోపల చెంచా ఉంటుంది. భోజనానికి యూస్టన్ స్టేషన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్ గుర్తుపెట్టుకోండి, శాకాహారులకు దోసెలు, భేల్‌పూరీ దొరుకుతాయి.

వీసా గురించి. మేం వెళ్లినప్పుడు విజిటర్ వీసా ఫీజు 115 పౌండ్లు, తర్వాత పెరిగింది. వేలిముద్రలకు పిల్లలందరినీ ఒకేరోజు హైదరాబాద్ తీసుకెళ్లాం. అసలు 15 మంది రావాలి, ఒకమ్మాయికి వీసా రాలేదు. వాళ్ల నాన్నగారు ఎవరో చెప్పారని అప్లికేషన్‌కి వారం ముందు బంధువుల దగ్గర తెచ్చి అకౌంట్‌లో నాలుగు లక్షలు వేశారు. ఎక్కడిదో చెప్పలేని డబ్బు ఒక్కసారిగా కనిపించడం కంటే, ఉన్న కొద్ది డబ్బే ఆరు నెలలుగా కనిపించడం నయం. కాలేజీయే ఖర్చు పెడుతుంటే ఆ మాట లెటర్‌హెడ్ మీద స్పష్టంగా రాయించండి. ఆ అమ్మాయి పేరున అప్పటికే కొన్న నాటకం టికెట్ల డబ్బు వెనక్కి రాలేదు, అక్కడ సాధారణంగా ఇవ్వరు. అందుకే సీట్లు పట్టిపెట్టే గ్రూప్ బుకింగ్ వెతుక్కోమన్నది. ఆ పిల్ల ఎయిర్‌పోర్టుకు వచ్చి అందరికీ టాటా చెప్పి వెళ్లింది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు.

షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లాలా అంటే, అక్కడ నాటకం చూసేటట్టయితేనే వెళ్లండి. మేం లండన్‌లో మేరిలబోన్ స్టేషన్ నుంచి రెండు గంటల పైన రైల్లో వెళ్లి, హెన్లీ స్ట్రీట్‌లో ఆయన పుట్టిన ఇల్లు చూసి, చర్చిలో సమాధి చూసి, నాటకం చూడకుండానే వచ్చేశాం. రోజంతా పోయింది. ఐదోది ఆ రోజే రాత్రి పెట్టుకున్నాం, రైలు దిగాక ఎవరికీ ఓపిక లేక మానేశాం. మీకు 4 చాలని చెప్పింది ఈ లెక్కనే.

మా నాలుగోది సెయింట్ మార్టిన్స్ థియేటర్‌లో "ది మౌస్‌ట్రాప్", అగాథా క్రిస్టీ రాసిన హత్య మిస్టరీ. 1952 నుంచి ఆడుతోంది, 2020 మార్చిలో కోవిడ్‌కి ఆగి 2021 మేలో మళ్లీ మొదలైంది. సాహిత్యంగా గొప్పదని చెప్పను, కానీ ఇంగ్లీషు తేలిక, థియేటర్ చిన్నది, హత్య ఎవరు చేశారా అని చివరిదాకా పిల్లలు కదల్లేదు. ఆఖర్న నటుడొకాయన ముందుకొచ్చి, హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకులను అడుగుతాడు. మరుసటేడు మా జూనియర్ బ్యాచ్ వాళ్లు ఎంత బతిమాలినా ఈ 14 మందిలో ఒక్కరూ చెప్పలేదు. హాజరు వేసేటప్పుడు నిజం చెప్పని వాళ్లు కూడా.