సంక్రాంతికి ఊరెళ్తే ఇంట్లో కుండీల సంగతి?

ప్రశ్న: బొబ్బిలి నుంచి ఈ ఏడే చికాగో వచ్చాం. సంక్రాంతికి నాలుగు వారాలు ఊరెళ్తున్నాం. ఇంట్లో తులసి, కరివేపాకు, మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు ఉన్నాయి. నీళ్ల సంగతి ఎలా?

జవాబు: నీళ్ల కన్నా ముందు చలి గురించి ఆలోచించండి. బొబ్బిలిలో మే నెల ఎండకి పెరట్లో కుండీ పూటకే ఆరిపోతుంది కాబట్టి, మొక్కంటే రోజూ చెంబుడు నీళ్లు పోయడం మనకు అలవాటు. చికాగో జనవరిలో వెలుతురు తక్కువ, మొక్క అంతగా ఎదగదు, నీళ్లూ అంతగా తాగదు. తడి అలాగే నిలిచిపోతే వేళ్లకు గాలి ఆడక కుళ్లుతాయి. అప్పుడూ ఆకులు వాడతాయి. అది చూసి దాహమనుకుని ఇంకో చెంబు పోస్తారు. ఇక్కడ చలికాలంలో కుండీలు ఎక్కువగా పోయేది ఇలాగే.

బిల్లు ఆదా కోసం చాలామంది హీటరు 55 ఫారన్‌హీట్‌కి తగ్గించి వెళ్తారు. అంటే దాదాపు 13 సెల్సియస్. మన మొక్కలకు అది చాలదు, 60 నుంచి 62 మధ్య ఉంచండి. కిటికీ అద్దం పక్కన ఇంకా చల్లగా ఉంటుంది కనుక ఆకులు అద్దానికి తగలకుండా కుండీలను జానెడు లోపలికి జరపండి. వేడిగాలి వచ్చే రంధ్రం దగ్గర మాత్రం పెట్టొద్దు. ఆ పొడిగాలికి ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి పడుతుంది. వెళ్లే ముందు ఆకుల అడుగుభాగం కూడా నీళ్లతో కడగండి.

స్నేక్ ప్లాంటుకి బయల్దేరే వారం ముందు ఒకసారి పోస్తే చాలు. నెల్లాళ్లు దాని జోలికి ఎవరూ పోకూడదు.

మనీప్లాంటుకి వత్తి పెట్టండి. దీపం వత్తి నూనె పీల్చినట్టే తాడు నీళ్లు పీల్చి మట్టికి ఇస్తుంది. నూలు తాడు నానితే కుళ్లొచ్చు, అల్లిన నైలాన్ తాడు మేలు. ముందు తాడునీ మట్టినీ బాగా తడపండి, పొడిగా ఉంటే పీల్చడం మొదలవదు. కుండీ అడుగు రంధ్రంలోంచి తాడును రెండు మూడు అంగుళాలు మట్టిలోకి పోనిచ్చి, రెండో కొస కింద డబ్బాలోని నీళ్లలో అడుగుదాకా వేలాడనివ్వండి. డబ్బా కుండీ కిందే ఉండాలి. మట్టి కన్నా ఎత్తులో పెడితే నీళ్లన్నీ తాడు వెంట కారిపోయి కుండీ బురదవుతుంది. ప్రయాణానికి పది రోజుల ముందే పెట్టి, డబ్బాపై నీటిమట్టం గీత గీయండి. నాలుగు రోజుల్లో 200 మి.లీ. తగ్గితే 28 రోజులకు 1.4 లీటర్లు. అంటే రెండు లీటర్ల డబ్బా చాలు.

కరివేపాకుకి చలికాలంలో వత్తి వద్దు. వెళ్లే ముందురోజు కింద నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. రెండు వారాలకు ఒకసారి ఎవరైనా వచ్చి మట్టిలో రెండు కణుపుల లోతు వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే గ్లాసుడు పోయాలి. ఆకులన్నీ రాలినా పారేయకండి. కాండం మీద గోటితో సన్నగా గీరండి, లోపల పచ్చగా కనిపిస్తే బతికే ఉంది, వసంతంలో చిగురిస్తుంది. వెళ్లే ముందు ఎరువు వేయడం, కుండీ మార్చడం రెండూ వద్దు.

అన్నిట్లో నాజూకు తులసి. దానికి వెచ్చదనం, వెలుతురు రెండూ కావాలి. ఖాళీ ఇంట్లో వదలకుండా, దక్షిణం కిటికీ ఉన్న తెలిసినవాళ్లింట్లో ఉంచడమే మంచిది. తీసుకెళ్లేటప్పుడు కుండీతో సహా పెద్ద సంచి కప్పి, ముందే వేడెక్కిన కారులో పెట్టండి. గడ్డకట్టే చలిలో కాసేపు నిలబెట్టినా ఆకులు నల్లబడతాయి. ఎండిన కంకులు దులిపి గింజలు కవర్లో దాచుకోండి, మొక్క పోయినా మళ్లీ వేసుకోవచ్చు.

చూసేవాళ్లకు నోటితో చెప్పి ఊరుకోకుండా, ప్రతి కుండీకీ టేపు అంటించి ఎప్పుడు, ఎంత పోయాలో రాయండి. "వద్దు" అనేది కూడా రాయాలి.

తిరిగొచ్చాక మట్టి ఎండి కుండీ అంచు నుంచి విడిపోయి ఉంటే, పైన పోసిన నీళ్లు పక్కల నుంచి కారిపోతాయి తప్ప వేళ్లకు అందవు. కుండీని బకెట్లో నాలుగంగుళాల నీళ్లలో అరగంట నానబెట్టి, బయటికి తీసి మిగులు నీళ్లు కారిపోనివ్వండి.

ఊళ్లో పెరటి కరివేపాకు కొమ్మో, పిలకో సూట్‌కేసులో తేవాలని మాత్రం చూడకండి. నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు దానిమీద బతుకుతుంది. అందుకే విమానాశ్రయంలో పచ్చి ఆకునీ తీసేసుకుంటారు, మట్టి అంటిన వేళ్లనీ రానివ్వరు. మొక్క కావాలంటే ఇక్కడి నర్సరీలోనే కొనుక్కోండి.