ఎర్ర బూట్లు, మూడు నెగటివ్‌లు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఆపకుండా చదివించావు, అందులో వంక లేదు. కాకపోతే ‘ది రెడ్ షూస్’ అనే పాత బ్రిటిష్ బాలే సినిమా బ్లూ-రే డిస్కు మీద రాసిన ఆ నాలుగు పేజీల్లో "అద్దంలా ఉంది" అనే మాట ఆరుసార్లు వచ్చింది. పెన్సిల్‌తో గీతలు పెట్టి మరీ లెక్కపెట్టాను. రిటైరైనవాడికి ఇలాంటి పనులకు తీరిక ఎక్కువ. అద్దంలా ఉండటమంటే ఏమిటో మాత్రం ఒక్కచోటా లేదు. ఏ సీన్లో, ఏ మూల, ఏం కనబడింది? అది రాయకపోతే డిస్కు అట్ట వెనక అచ్చేసే మాటలకీ నీ మాటలకీ తేడా ఏముంది?

ముందు ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకో. 1948లో విడుదలైన ఆ సినిమాని జాక్ కార్డిఫ్ టెక్నికలర్ కెమెరాతో తీశాడు. లెన్స్ వెనక ఒక పట్టకం ఉండి వెలుతురుని రెండు దారులు పట్టించేది. ఒక దారిలో ఆకుపచ్చ రంగుకి ఒక ఫిల్ము. రెండో దారిలో రెండు ఫిల్ములు ఒకదానికొకటి ఆనుకుని నడిచేవి, ముందుది నీలానికి, వెనకది ఎరుపుకి. మూడూ బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లే! రంగులు ప్రింటు వేసేటప్పుడు ఒకదాని మీద ఒకటి అద్దేవారు. పెడనలో కలంకారీ గుడ్డ మీద రంగుకో అచ్చు అద్దుతారు చూడు, దాదాపు అలాగే. అచ్చు వెంట్రుకవాసి జరిగితే పువ్వు ఒకచోట, దాని రంగు ఇంకోచోట పడుతుంది. ఇక్కడా అదే తంటా. ఏళ్లు గడిచేకొద్దీ మూడు నెగటివ్‌లూ ఒకే లెక్కన కుంచించుకుపోవు. అందుకే పాత కాపీల్లో మొహాల అంచున ఎర్రటి, పచ్చటి గీతలు కనబడతాయి.

దానికి తోడు ఈ సినిమా నెగటివ్‌లకి బూజు పట్టింది. నిడివి 134 నిమిషాలు, సెకనుకి 24 ఫ్రేములు. అంటే సుమారు 1 లక్షా 93 వేల ఫ్రేములు. మూడు నెగటివ్‌లు కాబట్టి మూడింతలు చెయ్యి, 5 లక్షల 79 వేల దాకా తేలుతుంది. వాటన్నిటినీ స్కాన్ చేసి, మూడు రంగుల్నీ మళ్లీ ఒకదాని మీద ఒకటి కుదిర్చి, బూజు మచ్చలు తీసి 2009లో కాన్ చిత్రోత్సవంలో చూపించారు. నీ పాఠకుడికి ఈ కథ రెండు వాక్యాల్లో చెప్పి, ఆ తర్వాత బాలే సీన్లో ఒక్క షాట్ పట్టుకుని చూపించు. "అద్దం" అవసరమే రాదు.

ఎర్ర బూట్లు "కత్తి అంచులా షార్ప్‌గా" ఉన్నాయని కూడా రాశావు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. ఎరుపు వెలుతురు ముందున్న ఫిల్ముని దాటుకుని వెనకదాని మీద పడాలి కాబట్టి మూడింటిలో కాస్త మెత్తగా వచ్చేది అదే. అది పుట్టుకతో వచ్చిన గుణం. నీకు కత్తి అంచు కనబడిందంటే తప్పు డిస్కుది కాకపోవచ్చు, ఒకసారి నీ టీవీలో షార్ప్‌నెస్ ఎంతలో ఉందో చూడు. మోషన్ స్మూతింగ్, అంటే ఫ్రేముల మధ్య టీవీయే కొత్త ఫ్రేములు కల్పించి కదలికని నున్నగా చేసే ఏర్పాటు, ఆన్‌లో ఉంటే అదీ తీసెయ్. టీవీని సరిచేయకుండా డిస్కు మీద తీర్పు చెప్పకు.

నేనూ తక్కువవాణ్నేమీ కాదులే. చాలా ఏళ్ల కిందట ఒక బ్లాక్ అండ్ వైట్ బ్రిటిష్ సినిమా కొత్త డిస్కు వస్తే "మచ్చ లేదు, మరక లేదు" అని పొగిడి ఒక పత్రికకి రాశాను. ఆ డిస్కు ఎవరు వేశారో ఇప్పుడెందుకు. అచ్చయిన వారానికి ఒక మిత్రుడి ఇంట్లో అదే సినిమా పాత డీవీడీ చూశాను. గీతలున్నాయి, చుక్కలున్నాయి. కానీ హీరోయిన్ వేసుకున్న ఉన్ని కోటు మీద నేత కనబడుతోంది! నేను పొగిడిన డిస్కులో ఆ కోటు రబ్బరు తొడుగులా ఉండింది, మొహాలేమో మైనపు బొమ్మలు. మచ్చలు తుడిచే ఊపులో గ్రెయిన్ కూడా తుడిచేశారు, దాంతో నేతా పోయింది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో గ్రెయిన్ అంటే వెండి రేణువులు. బొమ్మ తయారయ్యేదే వాటితో. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

పాత బ్రిటిష్ డీవీడీలో "ఐదు నిమిషాలు కోసేశారు" అన్న నీ ఆరోపణ మాత్రం వెంటనే తీసెయ్. ఎవరూ ఏమీ కోయలేదు. అక్కడి టీవీ పద్ధతి పాల్, సెకనుకి 25 ఫ్రేములు. 24 ఫ్రేముల సినిమాని అందులో నడిపితే 134 నిమిషాలది 128న్నర దాకా వచ్చి అయిపోతుంది. గొంతులు కూడా పిసరంత సన్నబడతాయి. బ్లూ-రేలో 24 ఫ్రేములే నడుస్తాయి కాబట్టి నిడివి మళ్లీ అసలుకొచ్చింది. ఇది తెలిసిన పాఠకుడు ఒక్కడు చాలు, నీ మిగతా వ్యాసాన్ని కూడా నమ్మడు.

అన్ని సినిమాలనీ ఒకే తూకం వేయకు. ‘ది థర్డ్ మ్యాన్’ని 2015లో రిస్టోర్ చేసినప్పుడు, అంటే పాత బొమ్మని బాగుచేసినప్పుడు, ఆధారం అసలు నెగటివ్ కాదు, దాని నుంచి కాపీల కోసం తీసిన ఫైన్ గ్రెయిన్ పాజిటివ్ అనే ప్రింటు. అంటే ఒక తరం అవతలిది. రాత్రిపూట తడిసిన వియన్నా రాళ్ల బాటల మీద మెరుపు చూసి అది ఎంత నిలబడిందో రాయి. అంతేగానీ మామూలు కంటే బాగా వెడల్పైన 65 ఎం.ఎం. ఫిల్ము మీద తీసిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ పక్కన పెట్టి మార్కులు తగ్గించడం అన్యాయం.

‘బ్లాక్ నార్సిసస్’తో ఇంకో చిక్కుంది. అందులో హిమాలయాలు ఇంగ్లండు పైన్‌వుడ్ స్టూడియోలోవి, లోయలు చాలావరకు గీసినవి. ఇప్పటి డిస్కులో కొన్నిచోట్ల అది గీసిన బొమ్మని ఇట్టే తెలిసిపోతుంది. ఆ రోజుల్లో థియేటర్లో ప్రింటు చూసినవాళ్లకి ఇంత తెలిసేది కాదేమో. ఇది డిస్కు లోపమా, గొప్పా? నాకైతే ఆ గీసిన లోయలంటేనే ఇష్టం. నువ్వు ఏ పక్షమో తేల్చుకుని రాయి, రెండు పక్షాలకీ తలూపకు.

ఇంకోటి. నా దగ్గర తీసుకెళ్లిన డేవిడ్ లీన్ సినిమా బ్లూ-రే మూడు నెలలుగా నీ ఇంట్లోనే ఉంది. లండన్ నుంచి తెప్పించింది, అట్ట మీద రీజియన్ బి అని ఉంటుంది, అంటే ఆ ప్రాంతపు ప్లేయర్లలోనే ఆడేలా తాళం వేసినది. నీ ప్లేయరు ఇక్కడ కొన్నది, రీజియన్ సి. అందులో అది ఆడదు. అయినా పోయిన నెల ఫోన్లో "ప్రింటు అద్భుతం అన్నయ్యా" అన్నావు! ఆదివారం దాన్ని తీసుకుని వచ్చెయ్, నా ప్లేయర్లో వేద్దాం. భోజనం ఇక్కడే. వదిన గుత్తొంకాయ చేస్తానంది.

ఆశీస్సులతో,
అన్నయ్య