రాత్రి రెండింటికి కూతురు ఏడుస్తూ ఫోన్ చేస్తే

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్లమ్మాయి ఐదేళ్ల లా కోర్సు చదివి ముంబైలో ఒక పెద్ద కార్పొరేట్ లా సంస్థలో చేరి తొమ్మిది నెలలైంది, అర్ధరాత్రి ఫోన్ చేసి ఏడుస్తోందట, మానేసి రమ్మని చెప్పి ఇక్కడ తెలిసిన ప్లీడరు గారి దగ్గర జూనియర్‌గా పెట్టమంటారా అని అడుగుతున్నారు.

ముందు ఒక్క మాట సార్. "అందరూ పడట్లేదా, సర్దుకుపో తల్లీ" అని మాత్రం అనకండి. ఆ మాట విన్న పిల్లలు ఇంటికి కష్టం చెప్పుకోవడమే మానేస్తారు, నేను చాలామందిని చూశాను.

అక్కడ పని ఎలా ఉంటుందో కూడా మీకు తెలియాలి. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనాలనుకుంటే ఆ రెండో కంపెనీ పాత అగ్రిమెంట్లు, లోన్ కాగితాలు, కోర్టు కేసులు అన్నీ చదివి ఎక్కడ తేడా ఉందో రాయాలి, డ్యూ డిలిజెన్స్ అంటే అదే, ఎక్కువ భాగం జూనియర్ల నెత్తిమీదే పడుతుంది. సాయంత్రం ఏడింటికి అవతలి లాయర్ల నుంచి మార్పులతో అగ్రిమెంట్ డ్రాఫ్ట్ వస్తుంది, తెల్లారేసరికి తిప్పి పంపాలి, 8వ క్లాజులో ముప్పై రోజులని మార్చిన గడువు 14వ క్లాజులో ఇంకా అరవై రోజులనే ఉందని నిద్ర కళ్లతో పట్టుకోవాల్సింది మీ అమ్మాయే. పైగా ఏ పనికి ఎంతసేపు పట్టిందో టైమ్‌షీట్‌లో రాయాలి, చాలాచోట్ల ఆరేసి నిమిషాల లెక్కన.

ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు అడగండి: నువ్వు సొంతంగా రాసిన క్లాజు ఒక్కటైనా ఉందా, నీ డ్రాఫ్ట్ దిద్ది, ఎందుకు దిద్దారో చెప్పే సీనియర్ ఎవరైనా ఉన్నారా? ఉన్నారంటే టీమ్ మార్చమని అడిగి ఇంకో ఏడాది చూడొచ్చు, తర్వాత కంపెనీల లీగల్ డిపార్ట్‌మెంట్లలోకి వెళ్లే దారి ఉంటుంది. ఎవరూ లేరంటే, లేదా తిండీ నిద్రా పోయి ఒంట్లో బాగుండట్లేదంటే వచ్చేయమనండి. చుట్టాలు ఏమనుకుంటారో అనే లెక్క వద్దు.

ఇక్కడ జూనియర్‌గా చేరడం మంచిదే, కాకపోతే డబ్బు సంగతి. పట్టణాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది, అది సూచనే, ఇచ్చి తీరాలన్న రూలు కాదు. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ ఉంటే ముందే కూర్చుని లెక్క వేసుకోండి. ఆమె నేర్చుకున్నది మాత్రం వృథా పోదు, పక్కనే నేలపాడులో హైకోర్టు ఉంది, కంపెనీ కేసులు చూసే ఎన్‌సీఎల్‌టీకి అమరావతి బెంచ్ ఉంది, అలాంటి కేసులు చేసే సీనియర్‌ని వెతకండి.

రాజీనామాకు ముందు ఆఫర్ లెటర్ తీసి నోటీసు ఎన్నాళ్లో, జాయినింగ్ బోనస్ ఇచ్చుంటే తిరిగి కట్టాలేమో చూడమనండి. బార్ కౌన్సిల్‌లో లాయరుగా ఎన్‌రోల్ అయిందా, లాయరుగా ప్రాక్టీసు చేయడానికి కావాల్సిన ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసైందా అని కూడా తప్పకుండా అడగండి, ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్లలోగా అది పాసవ్వాలి, ఆఫీసు పనిలో పడి ఫారం నింపడమే మర్చిపోయిన పిల్లలు నా దగ్గరికి వచ్చారు.