టెక్ సందేహాలు: ముసురు రాత్రి, రాని టికెట్టు, తడిసిన ఫోను

ప్రశ్న: మాది కోవూరు. నెల్లూరులో ఒకే థియేటర్లో రోజుకు ఒకే ఆటగా వేస్తున్న స్వతంత్ర చిత్రాన్ని చూద్దామని, ముసురు పట్టిన రాత్రి చెల్లెలితో కలిసి స్కూటీ మీద బయలుదేరాను. దారిలో ఆగి యూపీఐతో టికెట్లు తీస్తే ఖాతాలో డబ్బు తగ్గింది కానీ టికెట్లు రాలేదు. మళ్లీ ప్రయత్నిద్దామంటే చినుకులకు ఫోను తెర తనంతట తానే ఏవేవో నొక్కుకుంది. మ్యాప్ చూపిన దారిలో రైల్వే అండర్ బ్రిడ్జి కింద మోకాలి లోతు నీళ్లు చూసి వెనక్కి తిరిగాం. చివరికి కౌంటర్లో నగదు ఇచ్చి లోపలికి వెళ్లేసరికి సినిమా మొదలై 20 నిమిషాలైంది. ఇంటికొచ్చి చార్జర్ పెడితే నీటిచుక్క గుర్తు కనిపించి చార్జింగ్ ఎక్కలేదు. అమ్మ ఫోనును బియ్యం డబ్బాలో పెట్టింది. డబ్బు తిరిగి వస్తుందా? ఫోను బాగుపడుతుందా? (ఒక పాఠకురాలు, కోవూరు)

జవాబు: ముందుగా ఆ ఫోనును బియ్యంలోంచి బయటికి తీయండి. అవి పేరున్న మన నెల్లూరు మొలగొలుకుల బియ్యమే అయినా సరే, ఫోను లోపలి తేమను పీల్చే శక్తి బియ్యానికి లేదు సరికదా, నూక, తవుడు చార్జింగ్ రంధ్రంలో చేరి కొత్త తంటా తెస్తాయి. ఐఫోన్లను బియ్యంలో పెట్టవద్దని యాపిల్ సంస్థ కూడా స్పష్టంగా చెప్పింది. నీటిచుక్క గుర్తు చూసి కంగారు పడనక్కరలేదు. రంధ్రంలోని లోహపు కొనల మధ్య తేమ ఉన్నప్పుడు కరెంటు పారితే అవి తుప్పు పడతాయి కనుక, ఫోనే ముందుజాగ్రత్తగా చార్జింగును ఆపుతుంది. రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టి, ఫ్యాను గాలి తగిలేచోట కొన్ని గంటలు ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ వేడి, పుల్లకు చుట్టిన దూది, నోటితో ఊదడం, ఈ మూడూ వద్దు. గుర్తు పోయేదాకా కేబుల్ పెట్టకండి. ఆరిన తరువాత కూడా గుర్తు పోకపోతే, మరో కేబుల్‌తో చూసి, అప్పుడు సర్వీసు సెంటరుకు వెళ్లండి.

ఇక డబ్బు. దీనికి జవాబు మీ డబ్బు ఎక్కడ ఆగిందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. మీ ఖాతాలో తగ్గి, టికెట్లు అమ్మే సంస్థకు చెల్లింపు అందినట్టు నిర్ధారణ రాకపోతే, రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తరువాత 5 రోజుల్లోగా అది తనంతట తానే మీ ఖాతాకు తిరిగి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అలా కాక, యూపీఐ యాప్‌లో "విజయవంతం" అని ఉండి టికెట్లు మాత్రం రాకపోతే, సొమ్ము సంస్థకు చేరినట్టే కనుక ఆ సంస్థనే అడగాలి. రెండు సందర్భాల్లోనూ యాప్‌లో కనిపించే 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు రాసిపెట్టుకోండి. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా పరిష్కారం దొరకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే అధికారికి) రాయవచ్చు. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతికి ఫోన్ చేయడం మాత్రం వద్దు, అది మోసగాళ్లు పెట్టిన నంబరు కావచ్చు. పోయింది రెండు టికెట్ల డబ్బే, ఆ దారిలో వెళితే ఖాతా అంతా ఖాళీ కావచ్చు.

తెర పిచ్చిగా ప్రవర్తించడం చెడిపోయిన లక్షణం కాదు. నేటి ఫోన్ల తెర మీద సన్నని విద్యుత్ క్షేత్రం ఉంటుంది. వేలు తాకినచోట అందులో కలిగే మార్పును ఫోను స్పర్శగా లెక్కిస్తుంది. నీటిచుక్క కూడా అదే మార్పు తెస్తుంది. ఫోనుకు ఐపీ 68 గుర్తింపు ఉన్నా ఈ ఇబ్బంది తప్పదు, ఎందుకంటే ఆ గుర్తింపు దుమ్ము, నీరు లోపలికి పోకపోవడానికి సంబంధించినది మాత్రమే. పొడిగుడ్డతో తెరను, వేలిని తుడుచుకుని వాడటమే మార్గం. తడిసిన వేలికి ఫింగర్‌ప్రింట్ కూడా పలకదు కనుక పిన్ గుర్తుంచుకోండి.

మ్యాప్ విషయంలో నెల్లూరు వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఈశాన్య రుతుపవనాల వానలు కురిసే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మ్యాప్ దారిని అండర్ బ్రిడ్జి కిందుగా చూపితే, దాన్ని నమ్మేముందు బడ్డీకొట్టు అతణ్ణి అడగండి. కింద నీళ్లు నిలిచిన సంగతి మ్యాప్‌కు చాలాసార్లు ఆలస్యంగానే తెలుస్తుంది. మీరు వెనక్కి తిరిగి మంచిపని చేశారు.

ఒకే ఆట, అదీ మర్నాటికి ఉంటుందో ఉండదో తెలియని చిన్న సినిమాకు వెళ్లేటప్పుడు టికెట్లను ఇంట్లో వైఫై మీదే తీసుకుని, క్యూఆర్ కోడ్‌కు స్క్రీన్‌షాట్ తీసి మీ చెల్లెలి ఫోనుకూ పంపండి. హాలు దగ్గర దాన్ని చూపడానికి నెట్ అక్కరలేదు. హాల్లో సిగ్నల్ సరిగా అందని చోట ఫోను టవర్ల కోసం వెతుకుతూ బ్యాటరీని తినేస్తుంది కనుక, ఆట నడుస్తున్నంతసేపు ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచితే, వానలో తిరిగి కోవూరు చేరేదాకా చార్జింగ్ మిగులుతుంది.