టెక్ సందేహాలు: ఇసక పోతే మసక, మసక పోతే ఇసక

ప్రశ్న: అపోఫిసిస్ 7ఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రాక్టల్ ఫ్లేమ్‌లు (గణిత సూత్రాలతో కంప్యూటర్ తయారుచేసే బొమ్మలు) చేస్తున్నాను. ప్రివ్యూలో బాగానే ఉంటాయి. పెద్ద సైజులో రెండర్ చేస్తే, అంటే పూర్తి బొమ్మగా తయారుచేయిస్తే, ఇసక చల్లినట్టు గరుగ్గా వస్తున్నాయి. గరుకును నునుపు చేసే ఫిల్టర్ పెంచితే గీతలు అలుక్కుపోతున్నాయి. ఒకటి ఏ3లో ప్రింట్ తీయించాలని ఉంది. ల్యాప్‌టాప్ ర్యామ్ 8 జీబీ. ఫొటోషాప్‌లో షార్పెన్ చేస్తే చాలా?
- డిగ్రీ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: చాలదు. షార్పెన్ కొడితే గీతలతోపాటు ఆ ఇసక కూడా పదునెక్కుతుంది. తేడా రెండర్‌లోనే ఉంది.

1992లో స్కాట్ డ్రేవ్స్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ అసలు గీతలు గీయదు. ఒక బిందువును తీసుకుని, మీరిచ్చిన ట్రాన్స్‌ఫామ్‌లలో (బిందువును జరిపే సూత్రాల్లో) ఏదో ఒకదానితో జరుపుతుంది. మళ్లీ ఇంకోదానితో. ఇలా కోట్లసార్లు. ఏ పిక్సెల్ మీద ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి, ఆ లెక్కకు లాగరిథమ్ కట్టి వెలుగు ఇస్తుంది. బిందువులు చాలినన్ని పడనిచోట మీకు ఇసక కనిపిస్తోంది.

కాబట్టి ముందు పెంచాల్సింది క్వాలిటీ. సగటున ఒక్కో పిక్సెల్‌కి ఎన్ని శాంపిళ్లు, అంటే ఎన్ని బిందువులు అన్నదే ఆ అంకె. ఫైనల్ రెండర్‌కి 1000తో మొదలుపెట్టండి, మసక పొగలాంటి భాగాలు ఎక్కువుంటే 2000 దాటినా తప్పులేదు. అయితే నాలుగు రెట్లు పెంచితే గరుకు సగమే తగ్గుతుంది, టైమ్ మాత్రం నాలుగింతలు. రాత్రి రెండర్ పెట్టి పడుకోవడమే మంచిది. స్లీప్ మోడ్ ఆపేయండి. మన ఎండాకాలంలోనైతే ల్యాప్‌టాప్‌ను పరుపు మీద కాకుండా బల్ల మీద, ఫ్యాన్ కింద పెట్టండి.

తర్వాత ఓవర్‌శాంపిల్ (బొమ్మను లోపల అన్ని రెట్లు పెద్దగా లెక్కకట్టి, తర్వాత కుదించడం) 2, ఫిల్టర్ రేడియస్ (ఫిల్టర్ ఎంత దూరం నునుపు చేయాలన్న అంకె) 0.2 నుంచి 0.4 మధ్య. ఇసకను ఫిల్టర్‌తో దాచబోయారు కాబట్టే గీతలు పోయాయి. ఓవర్‌శాంపిల్ 3 అంటే ఆశపడకండి. 2కి మెమరీ నాలుగు రెట్లు, 3కి తొమ్మిది రెట్లు పడుతుంది. 300 డీపీఐలో ఏ3 అంటే 3508×4961, అంటే 1.74 కోట్ల పిక్సెళ్లు. 8 జీబీకి 2 చాలు.

ఇవన్నీ చేసినా మెత్తగానే ఉందా? అప్పుడు ఫ్లేమ్‌లోనే చూడండి. ఏదో ట్రాన్స్‌ఫామ్‌లో బ్లర్ అనే వేరియేషన్ (ఆకారాన్ని మార్చే ఫార్ములా) ఉండి ఉంటుంది. అది ఉన్నంతసేపు ఏ సెట్టింగూ గీతకు పదును తేలేదు. దాని విలువ తగ్గించండి, లేదా తీసేయండి. చీకటి భాగాల వెలుగును సరిచేసే గామా కూడా 4 ఉంటే 3కో, 2.5కో దించి చూడండి. గామా ఎక్కువైతే చీకటి మూలల్లో దాగిన గరుకంతా బయటపడుతుంది. నన్నడిగితే కొత్తగా నేర్చుకునేవాళ్లు మెరుపుల మీద మోజు తగ్గించుకుని, రెండు మూడు ట్రాన్స్‌ఫామ్‌లతో స్ఫెరికల్, జూలియన్ లాంటి వేరియేషన్లు సాధన చేయాలి. గీత శుభ్రంగా వస్తుంది.

పీఎన్‌జీగా సేవ్ చేయండి. షాపుకు వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది కుదించేస్తుంది. ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు వేసే షాపులకు కాకుండా ఫొటో పేపర్ మీద తీసే డిజిటల్ ల్యాబ్‌కి వెళ్లండి. ఫ్లెక్స్ మాత్రం వద్దు.

ప్రశ్న: నాది మ్యాక్. అపోఫిసిస్ విండోస్‌కే కదా, ఏం చేయాలి?
- సికింద్రాబాద్ పాఠకుడు

జవాబు: ఫ్లేమ్‌లు చేసే ఇంకో సాఫ్ట్‌వేర్ జేవైల్డ్‌ఫైర్ పెట్టుకోండి. జావాతో నడుస్తుంది, ఉచితం. పైన చెప్పిన క్వాలిటీ, ఫిల్టర్, గామా సంగతులు అక్కడా వర్తిస్తాయి.