సీనియర్లను ఏం అడగాలి? ఎలా అడగాలి?

లా కాలేజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థుల సంఘాల వాళ్లు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాది చదువుతున్నాను. మా ఇంట్లో లాయర్లెవరూ లేరు. కాలేజీ పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో 'ఎవరైనా ఇంటర్న్‌షిప్ ఇప్పించండి సార్' అని చాలాసార్లు పెట్టాను. ఒక్కరూ పలకలేదు. ఏం చేయాలి?

జవాబు: గ్రూపులో పెట్టే విన్నపానికి జవాబుదారీ ఎవరూ ఉండరు. చూసిన ప్రతివాళ్లూ 'ఇంకెవరో చెబుతార్లే' అనుకుంటారు. ఒక్కరిని ఎంచుకుని ఆయనకే విడిగా రాయండి.

ఎవరిని ఎంచుకోవాలన్నది పెద్ద రహస్యమేమీ కాదు. ఈ-కోర్ట్స్ సైట్లో కేస్ స్టేటస్‌కు వెళ్లి, జిల్లా, కోర్టు కాంప్లెక్సు ఎంచుకుని అడ్వకేట్ పేరుతో వెతికితే ఆయన చేతిలో ఉన్న పెండింగు కేసులు కనిపిస్తాయి. సివిల్ సూట్లు ఎక్కువా, సెషన్స్ కేసులా, చెక్ బౌన్సులా, భరణం కేసులా అన్నది అక్కడే తేలిపోతుంది. ఈ పని చేయకుండా, కంపెనీ లా మీద ఆసక్తి ఉందంటూ సివిల్ ప్రాక్టీసు చేసే సీనియరుకు రాసేవాళ్లే ఎక్కువ.

ఏం అడగాలన్నది మరీ ముఖ్యం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు. అంటే చివరి ఏడాదికి అంతా దాచిపెట్టుకుంటే చిక్కే. ప్రాక్టికల్ పేపరుకు ఒక సివిల్, ఒక క్రిమినల్ ట్రయల్ చూసి రికార్డు రాయాలి (30 మార్కులు). లాయరు ఆఫీసులో గానీ లీగల్ ఎయిడ్ ఆఫీసులో గానీ క్లయింటుతో రెండు సంభాషణలు దగ్గరుండి చూసి డైరీలో రాయాలి (15). దావా కాగితాల తయారీ, ఫైలింగ్ చూసి రాయాలి (మరో 15). మీకు కావలసింది ఇదీ. 'ఇంటర్న్‌షిప్' అన్న ఒక్క మాటలో ఇవేవీ సీనియరుకు కనిపించవు. ఇలా రాయండి:

'నమస్కారం సార్. మన కాలేజీలో మూడేళ్ల కోర్సు రెండో ఏడాది విద్యార్థినిని. రికార్డు కోసం ఒక సివిల్, ఒక క్రిమినల్ ట్రయల్ చూడాలి. మీ దగ్గర ఎవిడెన్స్ స్టేజిలో ఉన్న కేసులుంటే వచ్చే నెల 3 నుంచి నాలుగు వారాలు రోజూ కోర్టు టైముకు రాగలను. కాపీ అప్లికేషన్లు, ఫైలింగ్ పనులు చేస్తాను. మీకు వీలు కాకపోతే ఎవరిని అడగమంటారు?'

చివరి వాక్యం తప్పనిసరి. కాదనడానికి మొహమాటపడే మనిషి కూడా ఇంకో పేరు చెప్పడానికి వెనకాడడు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. వేసవి సెలవులు కదా అని మే నెల అడుగుతారు. సివిల్ కోర్టులకూ అప్పుడే సెలవులు, చూడ్డానికి ట్రయలే ఉండదు. ఒక్క కేసునే నమ్ముకుంటారు. సాక్షి రాకపోతే వాయిదా మూడు నాలుగు వారాల తర్వాత పడుతుంది, మీ గడువు అయిపోతుంది. అందుకే సివిల్‌లో రెండు, క్రిమినల్‌లో రెండు రాసిపెట్టుకుని ఏది కదిలితే దాని వెంట వెళ్లండి. క్లయింటు మాట్లాడేటప్పుడు కూర్చోవాలంటే ముందు ఆ క్లయింటు ఒప్పుకోవాలి. డైరీలో పార్టీల పేర్లు వద్దు, పొడి అక్షరాలు చాలు. డైరీ ఎగ్జామినర్ చేతికి వెళుతుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా సంఘం పదేళ్లుగా నోటిమాట మీదే నడుస్తోంది. నాక్ (కాలేజీల నాణ్యతను అంచనా వేసే సంస్థ) బృందం వస్తోందని, సంఘాన్ని రిజిస్టర్ చేయించమని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: నాక్ ప్రమాణాల్లో పూర్వ విద్యార్థుల సంఘం రిజిస్టరై ఉందా, సంస్థకు ఏం తోడ్పడింది అన్న ప్రశ్న నిజంగానే ఉంది. కానీ బృందం వచ్చే ముందు నెలలో చేసిన రిజిస్ట్రేషను కాగితం మాత్రమే. తోడ్పాటుకు మినిట్స్ (సమావేశాల్లో ఏం తీర్మానించారో రాసిన రికార్డు), రసీదులు కావాలి.

తెలుగు రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించాలి. కనీసం ఏడుగురు ఉండాలి. మెమొరాండం (సంఘం ఆశయాల పత్రం), బైలాలు (సంఘం నియమావళి), కార్యవర్గం పేర్లు, చిరునామాలు, వృత్తులు ఇవ్వాలి. లా చదివినవాళ్లకు ఈ కాగితాలు ఒక సాయంత్రం పని. బైలాల దగ్గరే బోల్తా పడతారు.

మొదటిది కోరం, అంటే సమావేశం చెల్లాలంటే రావలసిన కనీస సభ్యుల సంఖ్య. మూడో వంతు సభ్యులు అని రాస్తారు, వినడానికి బాగుంటుంది. జీవిత సభ్యులు 600 మంది అయ్యాక 200 మంది రావాలి, రారు, ఏ తీర్మానమూ చెల్లదు. ఒక స్థిర సంఖ్య పెట్టండి. కోరం లేక వాయిదాపడిన సమావేశం ఎలా జరగాలో కూడా రాయండి. రెండోది, కార్యవర్గమంతా ఒకే బ్యాచ్. ఆ బ్యాచ్ ప్రాక్టీసులో తలమునకలయ్యేసరికి సంఘం పడుకుంటుంది. రెండేళ్ల పదవీకాలం, ఏటా సగం మంది మార్పు, చివరి అయిదు బ్యాచ్‌లకు రెండు సీట్లు అని పెట్టుకుంటే కొత్త రక్తం ఆగదు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి, వాళ్లలో ఒకరు కోశాధికారి. ఖాతా కాలేజీ పేరు మీద వద్దు, సంఘం పేరు మీదే తెరవండి.

కమిటీ జాబితా, లెక్కలు ఏటా రిజిస్ట్రారుకు ఇవ్వడం మానేస్తే, ఎన్నికల తగాదా వచ్చిన రోజున అసలు కార్యవర్గం ఏది అన్న దగ్గరే బండి ఆగుతుంది. ఆ చట్టం 23వ సెక్షను కింద ఇలాంటి వివాదాలు జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. సభ్యులంతా లాయర్లే కాబట్టి వెళ్లడానికి పెద్దగా ఆలోచించరు కూడా.

ప్రశ్న: మా కాలేజీలో చదివిన ఒకరు ఇప్పుడు హైకోర్టు న్యాయమూర్తి. ఆయన్ను సంఘం అధ్యక్షుడిగా ఎన్నుకుని, భవన నిధికి ఆయన పేరుతో విజ్ఞప్తి పంపాలనుకుంటున్నాం. తప్పేమైనా ఉందా?

జవాబు: విజ్ఞప్తి ఆలోచన వెంటనే మానుకోండి. 1997లో సుప్రీంకోర్టు ఆమోదించిన న్యాయజీవన విలువల పత్రం ప్రకారం న్యాయమూర్తి ఏ అవసరానికీ విరాళాలు అడగకూడదు, తీసుకోకూడదు, నిధుల సేకరణలో చురుగ్గా పాల్గొనకూడదు. సొసైటీల పదవులకు పోటీ చేయకూడదని కూడా అందులో ఉంది. చట్టంతో సంబంధమున్న సంఘాల్లో పదవికి కొంత వెసులుబాటు ఉన్నా, దాన్ని పట్టుకుని ఆయన్ను ఇబ్బందిపెట్టడం మర్యాద కాదు. అదే కోర్టులో ప్రాక్టీసు చేసే లాయర్లతో సన్నిహితంగా మెలగడం తగదనీ ఆ పత్రం చెబుతుంది.

స్మారకోపన్యాసానికో, మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా వాదనల పోటీ) ఫైనల్‌కో పిలవండి. ఆహ్వానం ఆయన కార్యాలయానికి రాతపూర్వకంగా పంపండి. వేదిక మీద ఎవరెవరుంటారు, కార్యక్రమం ఎంతసేపు అన్నది అందులోనే చెప్పండి. ఆయన బెంచి ముందు కేసులున్న లాయర్లను ఆతిథ్యం పనికి పెట్టకండి. అదే రోజు, అదే వేదిక మీద చందా రసీదు పుస్తకం తీయకండి.

ప్రశ్న: కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్‌కు జనం వస్తున్నారు. విద్యార్థులం అర్జీలు రాసిస్తున్నాం. పూర్వ విద్యార్థుల సాయం ఎక్కడ తీసుకోవాలి?

జవాబు: సలహా ఇచ్చే చోట, సంతకం పెట్టే చోట. కోర్టులో వాదించే హక్కు ఎన్‌రోల్ అయిన అడ్వకేట్లదే. వకాలత్ (క్లయింటు తరఫున వాదించడానికి ఇచ్చే అధికార పత్రం) మీద వాళ్ల సంతకమే ఉండాలి. మీ పని వివరాల పత్రం నింపడం, తేదీల పట్టిక, కాగితాల జిరాక్సులు, న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద ఉచిత న్యాయసాయానికి అర్హత ఉన్నవాళ్ల దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చేర్చడం.

తేదీల పట్టికే అన్నిటికన్నా ముఖ్యం. చెక్ బౌన్స్ అయిందని ఒకరు వచ్చారనుకోండి. బ్యాంకు నుంచి మెమో (చెక్ తిరిగొచ్చిందని తెలిపే కాగితం) వచ్చిందా అని అడిగి వదిలేస్తే సరిపోదు, ఆ సమాచారం ఏ రోజు అందిందో రాసుకోవాలి. ఆ రోజు నుంచి 30 రోజుల్లో చెక్ ఇచ్చినవాళ్లకు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక చెల్లింపుకు 15 రోజులు. ఆ తర్వాత నెల లోపు ఫిర్యాదు వేయాలి. పై శనివారం సీనియర్ వస్తారు, అప్పుడు రండి అని పంపేస్తే ఆ మధ్యలోనే గడువు దాటిపోవచ్చు. గడువు దగ్గరపడిన కాగితాలకు ఎర్ర అట్ట పెట్టి, ఆ రోజే పూర్వ విద్యార్థి అడ్వకేటుకు ఫోన్ చేసే పద్ధతి పెట్టుకోండి. నెలకు ఒక్క సాయంత్రం, ఒక్కొక్కరికి రెండు కేసులకు మించకుండా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. 'ఎప్పుడైనా రండి సార్' అంటే ఎప్పుడూ రారు.

ప్రశ్న: సంఘం డైరెక్టరీ అచ్చు వేస్తున్నాం. లాయర్ల ఫోటోలు, 'ప్రముఖ క్రిమినల్ లాయర్' లాంటి మాటలు వేయవచ్చా?

జవాబు: వద్దు. బార్ కౌన్సిల్ 36వ నియమం అడ్వకేటు ప్రచారాన్ని, నేరుగానైనా చాటుగానైనా, ఒప్పుకోదు. పేరు, బ్యాచ్, ఊరు, ప్రాక్టీసు చేసే కోర్టు చాలు. ఫోన్ నంబర్లు వేసే ముందు ఒక్కొక్కరి నుంచీ రాతపూర్వక అనుమతి తీసుకుని, పుస్తకం సభ్యులకే పంచండి. ఇంకొకటి: అదే నియమం ప్రకారం లాయరు బోర్డు మీద గానీ లెటర్‌హెడ్ మీద గానీ ఏ సంఘానికైనా అధ్యక్షుణ్ననో సభ్యుణ్ననో వేసుకోకూడదు. మీ కొత్త అధ్యక్షుల వారికి లెటర్‌హెడ్ అచ్చుకు ఇచ్చేలోపే చెప్పండి.